నాలుగేళ్లు నిండబోతున్న పాప స్వభావం గురించి ఒక తల్లికి

అమ్మా, హనుమకొండ నుంచి మీరు అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. వచ్చే వారం మీ పాపకు నాలుగేళ్లు నిండుతాయి. ప్రతి పుట్టినరోజుకూ పాప ఎలా ఉందో, ఏం చేస్తోందో ఒక ఉత్తరంలా రాసి దాచిపెడుతున్నారు. ఈసారి పెన్ను పట్టుకుంటే "సిగ్గరి, మొండి, ఎవరితో కలవదు" అన్న మాటలే వస్తున్నాయి, అవి రాయడానికి మనసు ఒప్పుకోవడం లేదు. పోయిన ఏడాది హంటర్ రోడ్డులో హాల్ తీసుకుని దావత్ చేస్తే, సరిగ్గా కేకు కోసే సమయానికి పాప టేబుల్ కింద దూరింది. మేడారం సమ్మక్క, సారలమ్మలకు మొక్కిన బంగారం (బెల్లం) తూకం వేయించడానికి కూర్చోబెడితే ఏడ్చి దిగిపోయింది. "గింత మొండి పిల్ల మా ఇంట్ల ఎవ్వరు లేకుండె" అని బాపమ్మ అంటున్నారు. ఇంట్లో ఉంటే మాత్రం తెల్లారిన దగ్గర్నుంచి మాటలే మాటలు. ఇది ఇలాగే ఉండిపోతుందా, పెంపకంలో ఏమైనా తక్కువ చేశామా, ఈసారి బర్త్‌డే చేయాలా వద్దా అని మీ ప్రశ్నలు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీరు రాసినంతవరకు చూస్తే ఇందులో పెంపకం లోపం ఏమీ లేదు. ఇది పాప పుట్టుకతో తెచ్చుకున్న స్వభావం. బర్త్‌డే తప్పకుండా చేయండి, అయితే పాపకు సరిపడేంత చేయండి. ఉత్తరం కూడా రాయండి, ఆ మూడు మాటలు మాత్రం అందులో వద్దు. ఎందుకో వివరంగా చెప్తాను.

నేను పిల్లల ఎదుగుదల చూసే డాక్టర్‌ని, చాలా ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నాను. ఇలాంటి ప్రశ్న పుట్టినరోజు దగ్గర పడినప్పుడే ఎక్కువగా వస్తుంది. మిగతా రోజుల్లో బిడ్డను మన కళ్లతో చూస్తాం, ఆ రోజు మాత్రం వచ్చిన చుట్టాలందరి కళ్లతో చూడటం మొదలుపెడతాం. ఇంట్లో మురిపెంగా కనిపించిందే హాల్లో లోపంగా కనిపిస్తుంది.

మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. బతుకమ్మకు మీ వాడకట్టులో మొదటి రోజు పాప మీ కొంగు వదల్లేదు, సద్దుల బతుకమ్మ నాటికి ఆడవాళ్ల మధ్యలో తిరుగుతూ చప్పట్లు కొట్టింది అన్నారు. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. మధ్యలో అలిగిన బతుకమ్మ నాడు పేర్చకపోయినా, మిగతా సాయంత్రాలన్నీ అదే స్థలం, అదే వేళ, అవే ఉయ్యాల పాటలు, అవే ముఖాలు. "రా, ఆడు" అని పాపను ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు. మొదటి రోజు చూసింది. తర్వాతి రోజు పాట గుర్తుపట్టి ఉంటుంది. ఇంకో రోజు మీ పక్కనే నిలబడి కాళ్లు కదిపి ఉంటుంది. తనంతట తాను నమ్మకం కుదిరాక లోపలికి వచ్చింది. హాల్లో దావత్‌కు అంత వ్యవధి లేదు. తెలియని చోటు, పెద్ద సౌండు, మీద పడే లైట్లు, వంద మంది పెద్దవాళ్లు, అందరూ తనవైపే చూస్తుంటే గంటలోపే నవ్వుతూ స్టేజీ మీద నిలబడాలి. ఒకే పిల్ల, ఒకే ఏడాది. ఒకచోట కలిసింది, ఒకచోట కలవలేదు. కాబట్టి "ఎవరితో కలవదు" అన్న మాట నిజం కాదు. కలవడానికి తనకు సమయం పడుతుంది, అంతే.

ఇది నా సొంత ఊహ కాదు. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే దంపతులు ఇద్దరూ మానసిక వైద్యులు. న్యూయార్క్‌లో 1956లో మొదలుపెట్టి 133 మంది పిల్లలను పసితనం నుంచి పెద్దయ్యే దాకా గమనించారు. తల్లి పెంపకాన్ని బట్టే పిల్లల గుణం ఉంటుందని, ఏది తేడా వచ్చినా తల్లిదే తప్పని డాక్టర్లే అనే రోజులవి. వీళ్లు ఆ మాటను ప్రశ్నించారు. పాలు తాగే వయసు నుంచే ఒక్కో బిడ్డ తీరు ఒక్కోలా ఉందని చూపించారు. ఎంత కదులుతారు, ఆకలి నిద్రలు వేళకు వస్తాయా, కొత్తది కనిపిస్తే ముందుకు వెళ్తారా వెనక్కి తగ్గుతారా, మార్పుకు ఎంతసేపట్లో అలవాటు పడతారు, చిన్న చప్పుడు కూడా తగులుతుందా, సంతోషమైనా కోపమైనా ఎంత గట్టిగా చూపిస్తారు, మామూలుగా హుషారుగా ఉంటారా, మనసు ఎంత తేలిగ్గా మళ్లుతుంది, పట్టుకున్న పని ఎంతసేపు వదలరు అనే తొమ్మిది విషయాలను వాళ్లు చూశారు. వాళ్ల లెక్కలో దాదాపు 40 శాతం పిల్లలు తేలిగ్గా సర్దుకునేవాళ్లు. 10 శాతం మందితో తల్లిదండ్రులకు కష్టం. 15 శాతం మంది మెల్లగా అలవాటు పడేవాళ్లు. మిగతా వాళ్లు ఏ గుంపులోనూ పూర్తిగా ఇమడలేదు. మీ పాప ఆ 15 శాతంలో పిల్లలా నాకు కనిపిస్తోంది.

థామస్, చెస్ చెప్పిన వాటిలో నాకు అన్నిటికంటే విలువైనది ఇంకొకటి. బిడ్డ స్వభావం మంచిదా చెడ్డదా అని విడిగా తేల్చలేమని, ఆ స్వభావానికీ చుట్టూ ఉన్నవాళ్లు కోరుకునేదానికీ ఎంత పొత్తు కుదిరిందో చూడాలని వాళ్లు అన్నారు. మీ పాపకూ బతుకమ్మకూ పొత్తు కుదిరింది. హాలుకూ తనకూ కుదరలేదు. పిల్లను మార్చడం మన చేతిలో లేదు కానీ, హాలును మార్చడం ఉంది.

బాపమ్మ "మొండి" అంటున్నదాంట్లో నాకు రెండు వేరువేరు విషయాలు కలిసిపోయి కనిపిస్తున్నాయి. కొత్తవాళ్లకు నమస్తే పెట్టమంటే మీ వెనక దాక్కోవడం ఒకటి, అది బెదురు. పసుపు గిన్నెలోనే అన్నం కావాలని అరగంట ఏడవడం ఇంకొకటి, అది పట్టుదల. రెండింటికీ మందు ఒకటే అనుకుని గద్దిస్తే మొదటిది ఇంకా ముదురుతుంది. బెదిరిన పిల్లకు సమయం ఇవ్వాలి. గిన్నె కోసం ఏడ్చే పిల్లకు పొద్దున్నే రెండు గిన్నెలు చూపించి ఏది కావాలో ముందే ఎంచుకోమనాలి, తర్వాత మాట మార్చకూడదు. ఏది ఏ సందర్భమో మీకు తెలిస్తే సగం గొడవ తగ్గుతుంది.

"మా ఇంట్ల ఎవ్వరు లేకుండె" అన్నదానికి ఎదురు చెప్పకండి. ఏదైనా సాయంత్రం బాపమ్మ పక్కన కూర్చుని, "అత్తమ్మా, మీ కొడుకు చిన్నప్పుడు కొత్తోళ్లింటికి పోతే ఎట్ల ఉండె?" అని అడగండి. ఇలా అడిగినప్పుడు పెళ్లిళ్లలో మంచం కింద దాక్కున్న మేనత్త కథో, బడికి పోనని గేటు పట్టుకున్న తండ్రి కథో బయటికి రావడం నేను చాలా ఇళ్లలో విన్నాను. కవలల మీద చేసిన పరిశోధనలు కూడా స్వభావంలో కొంత భాగం వంశంతో వస్తుందనే చెప్తున్నాయి. ఆ కథ దొరికితే బాపమ్మకు పాప పరాయిగా కనిపించడం ఆగిపోతుంది. పాపకు కూడా "మీ బాపు కూడా నీలాగే ఉండెనట" అని చెప్పుకోవడానికి ఒక మంచి మాట దొరుకుతుంది.

ఇక ఇది మారుతుందా అన్న మీ ప్రశ్న. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జెరోమ్ కేగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నాలుగు నెలల పసిపిల్లలకు కొత్త బొమ్మలు, కొత్త శబ్దాలు, కొత్త వాసనలు చూపించి వాళ్లు ఎలా స్పందిస్తారో గమనించారు. దాదాపు 20 శాతం మంది కాళ్లూ చేతులూ గట్టిగా కొట్టుకుంటూ ఏడ్చారు. అదే పిల్లలను పెద్దయ్యే దాకా చూస్తూ వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది అతి బిడియస్తులుగా మిగిలిపోలేదు. అలాగని కొత్త చోట గలగలా కలిసిపోయే మనుషులుగా మారినవాళ్లు కూడా తక్కువే. నేను ఇక్కడ చూసింది కూడా దీనికి దగ్గరగానే ఉంది. ఇలాంటి పిల్లలు పెద్దయ్యాక స్నేహితులను చేసుకుంటారు, క్లాసులో లేచి చెప్తారు, అవసరమైతే స్టేజీ కూడా ఎక్కుతారు. కొత్త చోట మొదటి పది నిమిషాలు మాత్రం చూస్తూ నిలబడతారు. అది చాలామందికి జీవితాంతం ఉంటుంది, దానివల్ల నష్టమేమీ లేదు.

నష్టం రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి బలవంతం. "పాట పాడు, లేకపోతే ఆ అంకుల్‌కు ఇచ్చేస్తా" అనడం, ఏడుస్తున్నా అందరి చేతుల్లోకీ అందించడం, పిల్ల ముందే "ఇది ఇంతే, ఎవ్వరి దగ్గరికీ పోదు" అని చుట్టాలకు చెప్పడం. నాలుగేళ్ల బిడ్డ తన గురించి పెద్దలు చెప్పిన మాటలనే తన గుణంగా నమ్ముతుంది. రెండోది అతిగా కాపాడటం. ఏడుస్తుందని పెళ్లిళ్లకు తీసుకుపోవడం మానేయడం, పేరు అడిగితే పాప నోరు తెరిచేలోపు మీరే చెప్పేయడం, మొదటి ఏడుపుకే ఎత్తుకుని ఇంటికి వచ్చేయడం. ఇంటికి వచ్చేస్తే ఆ చోటు నిజంగానే భయపడాల్సినదని పాపకు రుజువైపోతుంది. అక్కడే కొంచెం దూరంగా, గుమ్మం దగ్గరో వరండాలోనో కూర్చుని ఏడుపు తగ్గే దాకా ఉండి, తగ్గాక ఇంకాసేపు చూసి, అప్పుడు బయల్దేరండి. ఎవరైనా పేరు అడిగితే మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టి ఆగండి. అప్పటికీ మాట రాకపోతే "కొంచెంసేపు చూసుకుంటది, తర్వాత చెప్తది" అని మామూలుగా అనండి. ఆ ఒక్క వాక్యం ఇంట్లో అందరూ నేర్చుకోవాలి, ముఖ్యంగా పాప నాన్న.

పుట్టినరోజు గురించి చెప్పే ముందు మీకు తెలియాల్సిన ఒక సంగతి ఉంది. ఈ వయసు పిల్లల్లో కొందరు బర్త్‌డే పార్టీ వల్లే వయసు పెరుగుతుందని నిజంగా నమ్ముతారు. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు, పార్టీ చేసుకోని పిల్ల కథ, రెండు పార్టీలు చేసుకున్న పిల్ల కథ చెప్పి ఎవరికి ఎన్నేళ్లని అడిగితే ఇది బయటపడింది. కాబట్టి "ఏడుస్తది కదా, ఈసారి వద్దులే" అని పూర్తిగా మానేస్తే, తనకు ఇంకా మూడేళ్లేనని పాప అనుకునే వీలుంది. అలాగే "నాలుగు వచ్చినయ్, ఇంక భయపడొద్దు" అని కూడా అనకండి. కొవ్వొత్తి ఊదగానే భయం పోవాలి కాబోలు అనుకుంటుంది, మర్నాడు పోకపోతే తనలోనే ఏదో తేడా ఉందనుకుంటుంది.

హాల్ వద్దు, ఇంట్లో చేయండి. పాపకు బాగా తెలిసిన పిల్లలు నలుగురైదుగురు చాలు, ఒకేసారి కాకుండా ఒక్కొక్కరుగా వస్తే ఇంకా మంచిది. నిండిన ఇంట్లోకి పాప వెళ్లడం కంటే, పాప ఉన్న చోటికి ఒక్కొక్కరూ రావడం తనకు చాలా తేలిక. మధ్యాహ్నం నిద్ర లేచాక, కడుపు నిండి ఉన్నప్పుడు పెట్టుకోండి. కేకు రాత్రి తొమ్మిదింటికి కోసే అలవాటు మన దగ్గర ఎక్కువ, ఆ వేళకు ఏ నాలుగేళ్ల పిల్లయినా అలిసిపోయి ఉంటుంది. చల్లటి మంటలని చెప్పి కేకు మీద పెట్టే చిచ్చుబుడ్లు, నురుగు స్ప్రే, బెలూన్లు పగలగొట్టడం వద్దు. చప్పట్లు కొడుతూ పాడే పాటను రెండు మూడు రోజుల ముందు నుంచి ఇంట్లో ఆటగా పాడండి, బొమ్మలకు బర్త్‌డే చేయండి, ఉత్తుత్తి కేకు కోయించండి. బతుకమ్మ సాయంత్రాలు చేసిన పనిని మీరు ఇలా కొంచెం చేయొచ్చు.

బట్టల సంగతి చాలామంది పట్టించుకోరు. జరీ అంచు పట్టులంగా, మెడ దగ్గర గుచ్చుకునే నెట్ గౌను కొందరు పిల్లలను రోజంతా బాధపెడతాయి, వాళ్లకు అది మాటల్లో చెప్పడం రాదు. పోయిన ఏడాది ఆ సమయానికి పాప ఏం తొడుక్కుందో గుర్తు చేసుకోండి. ముందే ఒకసారి ఉతికి, ఇంట్లో ఒక పూట తొడిగి చూడండి. బాపమ్మకు ఫొటోలో పట్టులంగా కావాలంటే పొద్దున్నే అక్షింతలు వేసేటప్పుడు ఒక అరగంట, తర్వాత మెత్తటి నూలు గౌను.

పాపకు ఒక పని అప్పజెప్పండి. వచ్చినవాళ్లకు సకినాల పళ్లెం పట్టడం, చాక్లెట్లు పంచడం, తమ్ముళ్లకు టోపీలు ఇవ్వడం. చేతిలో పని ఉన్న పిల్ల మీద చూపులు పడ్డా అంత తగలవు. కేకు దగ్గరికి రానంటే కేకునే పాప ఉన్న చోటికి తీసుకుపోండి, లేదా మీరు పట్టుకుని కోయండి, తను మీ ఒళ్లో ఉండి చూస్తుంది. ఎవరూ దాన్ని పెద్ద విషయం చేయకుండా పాప నాన్నకు ఆ పది నిమిషాల బాధ్యత ఇవ్వండి. చుట్టాలకు దావత్ ఇవ్వాలన్న కోరిక పెద్దవాళ్లది. అది తప్పేమీ కాదు. వేరే ఆదివారం బగారా అన్నం, కోడికూర వండించి పిలవండి. అందులో పాప పేరు మీద స్టేజీ, మైకు లేకపోతే చాలు, అటూ ఇటూ తిరుగుతూ తనకు నచ్చినప్పుడు వచ్చి తింటుంది.

ఇక ఉత్తరం. మీ ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే ఇంత శ్రద్ధగా బిడ్డను చూసి రాసిపెట్టేవాళ్లు తక్కువ. పాప "ఎలాంటిది" అని రాయకండి. ఏం జరిగిందో రాయండి. ఎక్కడ, ఎవరున్నారు, పాప మొదట ఏం చేసింది, ఎంతసేపటికి ఏం మారింది, ఏం అంది. ఉదాహరణకు ఇలా: "ఎంగిలిపూల నాడు నా కొంగు పట్టుకుని నిలబడ్డావు. సద్దుల నాడు నన్ను వదిలేసి పక్కింటి అత్తమ్మ వెనకాల తిరిగావు. ఇంటికొచ్చి బొమ్మలన్నిటినీ చుట్టూ పేర్చి వాటికి ఉయ్యాల పాట నేర్పావు." పద్నాలుగేళ్ల వయసులో మీ బిడ్డ ఇది చదివితే తనను తాను చూసుకుంటుంది. "సిగ్గరివి" అని చదివితే మీ తీర్పు ఒక్కటే కనిపిస్తుంది. టేబుల్ కింద దూరిన సంగతి కూడా రాయొచ్చు, దాచక్కర్లేదు. సౌండు ఎంత పెద్దగా ఉందో, ఎంతమంది ఉన్నారో, టేబుల్ కింద మీరు కూడా వంగి చూస్తే పాప ఏం చేస్తోందో అన్నీ కలిపి రాయండి. పోయిన ఏడాది వెనక్కి తగ్గి ఈ ఏడాది ముందుకు అడుగు వేసిన సంగతులు వెతికి మరీ రాయండి. బాపమ్మను, నాన్నను, అమ్మమ్మను అడిగి ఈ ఏడాది పాపతో గుర్తున్న ఒక్కో సంఘటన వాళ్ల మాటల్లోనే చేర్చండి. మొండి అంటున్న బాపమ్మే ఎంత ముద్దుగా చెప్తారో చూడండి.

పాపను కూడా అందులో కలపండి. పోయిన ఏడాది ఫొటోలు ముందు పెట్టుకుని, "ఇక్కడ ఏమైంది? తర్వాత ఎవరొచ్చారు? నీకు ఎట్ల అనిపించింది?" అని అడిగి, తను చెప్పినదానికి మీరు ఇంకొంచెం జోడించండి. "మంచిగుందా, లేదా?" లాంటి అవును-కాదు ప్రశ్నలు తక్కువ అడగండి. జరిగినదాన్ని పిల్లలతో ఇలా విప్పి మాట్లాడే ఇళ్లలో వాళ్లు తమ జ్ఞాపకాలను వివరంగా చెప్పగలుగుతారని, తమ మనసులోని భావాలకు మాటలు తేలిగ్గా దొరుకుతాయని పరిశోధనల్లో తేలింది. పెద్దవాళ్లను అడిగితే వాళ్ల తొలి జ్ఞాపకాలు సగటున మూడు, మూడున్నరేళ్ల వయసు నాటివి. అంటే ఈ నాలుగో పుట్టినరోజు పాపకు గుర్తుండిపోయే అవకాశం నిజంగా ఉంది.

ఒక జాగ్రత్త చెప్పకుండా ముగించలేను. స్వభావం అని సరిపెట్టుకోకూడని కొన్ని సూచనలు ఉంటాయి. నాలుగేళ్లకు పిల్లలు నాలుగైదు మాటల వాక్యాలు మాట్లాడాలి, కొత్తవాళ్లకు కూడా వాళ్ల మాటలు చాలావరకు అర్థం కావాలి, ఉత్తుత్తి ఆటలు ఆడాలి, పక్కపిల్ల ఏడిస్తే పట్టించుకోవాలి. పిలిస్తే పలకకపోవడం, మీ కళ్లలోకి చూడకపోవడం, కావాల్సింది వేలితో చూపించకపోవడం, ముందు వచ్చిన మాటలు పోవడం, ఒకే ఆట గంటల తరబడి ఒకే రకంగా ఆడటం ఉంటే డాక్టర్‌కు చూపించాలి. తరచూ చెవిపోటు, చెవి కారడం ఉంటే వినికిడి పరీక్ష చేయించాలి, వినపడని పిల్లను కూడా మొండి అనడం చాలాసార్లు జరుగుతుంది. ఇంట్లో బాగా మాట్లాడుతూ, బడిలో చేరిన మొదటి నెల దాటాక కూడా నెలకు పైగా టీచర్‌తో, పిల్లలతో ఒక్క మాటా మాట్లాడకపోతే అది మామూలు బిడియం కాదు, భయానికి సంబంధించిన ఒక సమస్య. దానికి చికిత్స ఉంది, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ఖర్చు గురించి ఆగొద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను చూసే బృందాలు ఉంటాయి, ఎదుగుదలలో తేడా కనిపిస్తే అలాంటి పిల్లలను చూసే జిల్లా స్థాయి చికిత్స కేంద్రానికి పంపి ఉచితంగా చూపిస్తారు.

మీరు చెప్పిన వాటిలో ఇవేవీ నాకు కనిపించలేదు. బొమ్మలకు పాట నేర్పే పిల్ల, ఇంట్లో కథలు అల్లే పిల్ల, బతుకమ్మలో తనంతట తాను కలిసిన పిల్ల. బడిలో ఎలా ఉంటుందో మాత్రం మీరు రాయలేదు. బర్త్‌డే నాడు క్లాసులో చాక్లెట్లు పంచడానికి ఎలాగూ టీచర్‌ను కలుస్తారు కదా, ఆ రోజు దాకా ఆగకుండా ఈ వారంలోనే వెళ్లి అడగండి: పాప మీతో మాట్లాడుతుందా, ఎవరి పక్కన కూర్చుంటుంది, ఇంటర్వెల్‌లో ఎవరితో ఆడుతుంది? చాక్లెట్లు పంచేటప్పుడు పాప పక్కన ఆ స్నేహితురాలిని కూడా నిలబెట్టమని, అందరి ముందూ మాట్లాడించొద్దని చెప్పండి. టీచర్ ఏమన్నారో నాకు రాయండి.